రేకుల మీద వాన, చెరువులో వాన

మృగశిర కార్తె వచ్చిందంటే పల్లెల్లో అందరి చూపూ మబ్బుల వైపే. వాన ఒకటే అయినా పాట మాత్రం చోటును బట్టి మారుతుంది. రేకుల మీద దడదడలాడుతుంది, పెంకుల మీద మెత్తబడుతుంది, అరటాకు మీద టపటపమంటుంది.

చెరువులో పడే చినుకు సంగతి మరీ అపురూపం. అది నీటిని తాకిన చప్పుడు స్వల్పమే. తనతోపాటు లోపలికి లాక్కెళ్లిన గాలి బుడగ కంపించినప్పుడే అసలు నాదం పుడుతుంది. దాదాపు ఒక మిల్లీమీటరు చినుకుల బుడగలు సెకనుకు 14 వేల సార్లకు అటూఇటూగా కంపిస్తాయి. సముద్రంలోకి మైకులు దించి, ఈ ధ్వనిని బట్టే అక్కడ కురిసిన వానను లెక్కగట్టే శాస్త్రవేత్తలున్నారు. వానను ఇంత శ్రద్ధగా వినేవాళ్లున్నారంటే ఎంత సంతోషం!

ముసురు పట్టిన రాత్రి నిద్ర హాయిగా పట్టడానికి ఒక కారణం ఉంది. లెక్కలేనన్ని చినుకుల చప్పుళ్లు కలిసి ఎడతెగని హోరవుతాయి. తలుపు చప్పుడూ బండి హారనూ అందులో కలిసిపోతాయి. ఉరుము మాత్రం కలవదు.

కిటికీ దగ్గర నిలబడితే కళ్లకూ పండగే. పెద్ద చినుకులు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో దిగుతాయి, గాలి ఒత్తిడికి కిందివైపు చదునవుతాయి. చిన్నవి గుండ్రంగానే ఉంటాయి. బొమ్మల్లో గీసే మొనదేలిన కన్నీటిబొట్టు ఆకారం పడే చినుకుకు ఉండదు.