చెల్లు

పోయిన మాఘమాసంలో హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు నా ఫోనుకి ఫోటో పంపాడు. పసుపు గుడ్డ మీద పరిచిన ఒక చెక్కు. ఆంధ్రా బ్యాంకుది. 1991 నాటి తేదీ, పన్నెండు వందల రూపాయలు, అడుగున ఇంకా కుదురుకోని సంతకం. "మామయ్యా, ఇల్లు సర్దుతుంటే నాయనమ్మ దేవుడి అలమరలో ముడుపులాగా కట్టి ఉంది. మీ పేరే ఉంది, మీదేనా?" అని అడిగాడు.

నాదే. నా మొదటి చెక్కు పుస్తకంలో మొదటి కాగితం.

మాది వేటపాలెం. నాన్న గుంట మగ్గం మీద నేసేవాడు. 1977 నవంబరు 19న దివిసీమను మింగిన ఉప్పెన మా వైపునీ వదల్లేదు. మగ్గం గుంట నిండా నీళ్లు. పడుగంతా బురదలో కలిసిపోయింది. వీధి చివర నూలు వ్యాపారి దగ్గర నాన్న పన్నెండు వందలు తెచ్చుకుని నెలకి నూటికి రూపాయి వడ్డీకి నోటు రాసిచ్చాడు. ఆయన్ని మామయ్యా అనీ, ఆయన భార్యని అత్తయ్యా అనీ పిలిచేవాణ్ని. చుట్టరికం ఏమీ లేదు, వీధి వరస. 1983లో నాన్న పోయేనాటికి ఆ నోటు వెనక ఒక్క చెల్లు కూడా పడలేదు.

చెల్లంటే ఇప్పటి పిల్లలకి చెప్పాలి. అప్పులో కొంత కట్టినప్పుడు నోటు వెనక తేదీ, మొత్తం వేసి సంతకం చేస్తారు. గడువు లోపల చెల్లు పడితే నోటుకి మళ్లీ మూడేళ్ల ఆయుష్షు. పడకపోతే కాలదోషం పడుతుంది, కోర్టు దాన్ని పట్టించుకోదు. ముప్పై ఏళ్లకు పైగా చీరాలలో ఒక నూలు కొట్టులో గుమాస్తాగా ఉన్నాను, ఎన్ని నోట్ల వెనక చెల్లు వేశానో లెక్కలేదు. ఆలోచిస్తే ఎంత లోతైన మాట అది! చెక్కు చెల్లుతుంది, మొక్కు చెల్లిస్తాం, మనిషి పోతే నూకలు చెల్లాయంటాం. విలువ ఉండటానికీ, బాకీ తీరడానికీ, అసలు అయిపోవడానికీ మనకున్నది ఒకటే మాట.

నాన్న పోయాక అమ్మ ఎప్పుడూ ఒకటే అనేది: "మీ నాన్న రుణం ఉంచుకుని పోయాడురా." అప్పు తీర్చకుండా పోతే ఎద్దై పుట్టి ఆ ఇంట్లోనే చాకిరీ చెయ్యాలని మా అమ్మ గట్టి నమ్మకం. ధర్మశాస్త్రాలు కూడా తండ్రి బాకీ కొడుకు మీద పెట్టాయి. మన కోర్టులు చాలాకాలం దాన్ని పాటించాయి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించాక, ఆ ధర్మం ఒక్కటే చూపించి కొడుకు మీదకి వెళ్లడానికి వీల్లేకుండా పోయింది. మంచి పనే. తండ్రి అప్పుకి పసిపిల్లల గూడు వేలం వెయ్యడం ఏ ధర్మమూ కాదు. అయితే చట్టం నన్ను అడగనంత మాత్రాన నన్ను నేను అడక్కుండా ఉండలేను గదా.

1991లో బ్యాంకు ఖాతా తెరిచి, చెక్కు పుస్తకం రాగానే అత్తయ్య దగ్గరికి వెళ్లాను. మామయ్య అప్పటికే లేడు. ఆవిడ చెక్కుని వెలుతురుకి పట్టి చూసింది.

"ఏందిరా ఇది?"

"నాన్న నోటు బాకీ అత్తయ్యా. ఇప్పటికి అసలు తీసుకో, వడ్డీ తర్వాత ఇస్తా."

"ఆ నోటుకి ఎప్పుడో కాలదోషం పట్టింది గదరా."

"పట్టింది నోటుకి. బాకీకి గాదు."

ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. చెక్కు కళ్లకద్దుకుని లోపలికి తీసుకెళ్లింది. ఆరు నెలలు నా పాస్‌బుక్కులో ఆ పన్నెండు వందలు కదల్లేదు. అప్పట్లో చెక్కు గడువు ఆరు నెలలు, 2012 నుంచి మూడే. గడువు దాటిపోతోందని మళ్లీ వెళ్లి అడిగితే, "బ్యాంకులో వేస్తే డబ్బులొస్తాయి, అయిపోద్ది. నువ్వు మీ నాన్న మాట నిలబెట్టావు. అది దేవుడి దగ్గర ఉండనీరా" అంది. నోట్లు తీసుకెళ్లి ఇచ్చినా పుచ్చుకోలేదు. అప్పట్నుంచి ఏటా సంక్రాంతికి మా ఊరి జీడిపప్పు కేజీ పట్టుకుని వెళ్లేవాణ్ని, అరిసెలు కట్టిచ్చేది. 2019లో కాలం చేసింది.

ఇలా చెబుతున్నానని ఆ కాలాన్నంతా పొగుడుతున్నా అనుకోవద్దు. చెక్కు కోసం ఎదురుచూసిన వాళ్లని దగ్గర్నుంచి చూశాను. మా కొట్టు నుంచి చీరలు హైదరాబాదు వెళ్లేవి, నెలకో రెణ్ణెల్లకో చెక్కు పోస్టులో వచ్చేది, అది పై ఊరి బ్యాంకు మీద అయితే డబ్బు జమ కావడానికి ఇంకొన్ని వారాలు. అన్నాళ్లూ మా చుట్టుపక్కల జాండ్రపేటలో, దేశాయిపేటలో మజూరీ అందక మగ్గం మనిషి కిరాణా కొట్టులో ఖాతా పెంచుకునేవాడు. ఒక దీపావళి ముందు ఒక పెద్ద బట్టల దుకాణం చెక్కు చెల్లక తిరిగొచ్చింది. పండగ పూట పదకొండు కుటుంబాలకి కూలి డబ్బు లేదని నేనే చెప్పాల్సి వచ్చింది. చెక్కు చెల్లకపోతే జైలన్న 138వ సెక్షను 1989 ఏప్రిల్ నుంచే ఉంది. ఆ సెక్షను ఆ రోజు ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలిగించలేదు. అందుకే 2016లో యూపీఐ వచ్చి, కూలి డబ్బు నేసినవాడి ఫోనులో క్షణంలో పడుతుంటే, ఇదే ధర్మమని మనస్ఫూర్తిగా అంటాను. చెమట ఆరకముందే ఇవ్వాల్సిన డబ్బు అది. చెక్కులు కూడా 2025 అక్టోబరు నుంచి ఇచ్చిన రోజే తేలిపోతున్నాయి.

నన్ను వేధించే ప్రశ్న వేరు. డబ్బు చేరితే రుణం తీరినట్టేనా?

శతపథ బ్రాహ్మణం మనిషి పుట్టుకే రుణం అంటుంది. దేవతలకి, ఋషులకి, పితరులకి, తోటి మనుషులకి బాకీపడి పుడతాడట. తోటి మనుషుల బాకీ తీరేది ఇంటికొచ్చిన వాళ్లకి చోటిచ్చి అన్నం పెడితే. ఋషుల బాకీ తీరేది చదువుతో. మా ఊళ్లో 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికల కట్టల ముందు కూర్చున్నప్పుడల్లా ఈ సంగతి గుర్తొస్తుంది. వాటిని సేకరించి దాచినవాళ్లు ఎవరూ ఇప్పుడు లేరు. చదవడం ఒక్కటే నేను వాళ్లకి వెయ్యగలిగిన చెల్లు, అదీ ఎన్నటికీ పూర్తి కాదు. రుణం పూర్తిగా తీరిపోవడం మంచిదని మన భాష కూడా ఒప్పుకోదు. బంధం తెగినప్పుడే "నీకూ నాకూ రుణం తీరిపోయింది" అంటాం.

ముడుపు కట్టేటప్పుడు మనం చేసేదీ ఇదే. రూపాయి ఇప్పుడే ఉంది, హుండీలో ఇప్పుడే వెయ్యొచ్చు. వెయ్యం. పసుపు గుడ్డలో కట్టి దేవుడి ముందు పెట్టి, కొండకి వెళ్లేదాకా రోజూ దణ్ణం పెట్టుకుంటాం. మాటకీ చెల్లింపుకీ మధ్య ఉన్న ఆ రోజులన్నీ దేవుడు మనకి గుర్తుంటాడు. అత్తయ్యకి ఇది తెలుసు. ఇరవై ఎనిమిది సంక్రాంతులు నన్ను ఆ గడప ఎక్కించింది ఆ చెల్లని చెక్కే.

అత్తయ్య మనవడు పంపిన ఆ ఫోటో చూసిన రోజు కాగితం తీసుకుని లెక్క వేశాను. పన్నెండు వందలకి నలభై ఎనిమిదేళ్ల బారువడ్డీ 6,912. అసలుతో కలిపి 8,112. ఫోనులో పంపాను, రెప్పపాటులో చేరింది. "ఇంత ఎందుకు మామయ్యా?" అన్నాడు. నోటు మీద నూటికి రూపాయని రాసుందని చెప్పాను. డబ్బు బాకీ తీరింది, నాన్న ఎద్దై పుట్టక్కర్లేదని అమ్మ ఫోటో ముందు నిలబడి చెప్పాను.

చెక్కు పారెయ్యొద్దని మాత్రం వాణ్ని బతిమాలుకున్నాను. మళ్లీ ఆ గుడ్డలోనే కట్టి వాళ్లింటి దేవుడి దగ్గర పెట్టాడట. వచ్చే సంక్రాంతికి నేను జీడిపప్పు పట్టుకుని హైదరాబాదు వెళుతున్నాను.