పసిబిడ్డతో బొంకవచ్చునా?

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ వరకు గల కాలనీలలో ఉదయము తొమ్మిది గంటల వేళ నడచువారికి ఒక దృశ్యము తరచుగా కనబడును. డే కేర్ అని బోర్డు కట్టిన ఇంటి ముందు స్కూటరు ఆగును. మూడేండ్లు నిండని బిడ్డ తల్లి చున్నీని విడువదు. "చాక్లెట్ తీసుకొని ఇప్పుడే వస్తాను" అని తల్లి చెప్పును. ఆయా బొమ్మను చూపి బిడ్డను మరపించును. తల్లి మెల్లగా జారుకొనును. ఆ 'ఇప్పుడే' సాయంత్రము వరకు రాదు.

ఒకరిని తప్పుపట్టుటకు ఈ మాట వ్రాయుట లేదు. నేనును ఆ పని చేసినవాడనే. మా కోడలు తిరిగి ఉద్యోగమునకు పోవలసి వచ్చినపుడు మనుమని దిగబెట్టు పని నాకు వచ్చినది. మొదటి దినమున "పాలు తెస్తాను నాన్నా, ఇప్పుడే వస్తాను" అని చెప్పి తప్పించుకొని వచ్చితిని. మరునాటి ఉదయము నిజముగనే పాలకు బయలుదేరితిని. వాడు వాకిలికి అడ్డముగా పడి ఏడ్చినాడు. నా బొంకు నా నిజమును కూడ మింగివేసినదని అప్పుడు తెలిసినది. ముప్పది ఏండ్లుగా తరగతిలో సత్యమును గూర్చి పాఠము చెప్పుచున్న నాకు ఆ ఉదయము తలవంపులైనది.

"పసివానిని సముదాయించుటకు ఆడిన మాట బొంకు ఎట్లగును?" అని కొందరు పెద్దలందురు. భాగవతమున శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి బొంకదగిన సందర్భములను కొన్నింటిని ఏకరువు పెట్టినాడు. ఆ జాబితాలో పసిబిడ్డను ఏమార్చుట లేదు. పైగా బలి ఆ మినహాయింపులను కూడ కోరలేదు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణములోని గొడగూచి కథ మనమెరిగినదే. తండ్రి పొరుగూరికి పోవుచు, శివునికి నిత్యము పాలు ఆరగింపు చేయుమని చెప్పినాడు. శివుడు నిజముగా పాలు త్రాగునని ఆ పసిది నమ్మినది. త్రాగకపోగా ఏడ్చినది, ప్రాణమునకు తెగించినది. శివుడు త్రాగినాడు. తిరిగివచ్చిన తండ్రియే ఆ సంగతి నమ్మలేదు! పెద్దవాని మాటను బిడ్డ నూటికి నూరుపాళ్లు నమ్మును. ఆ మాట విలువ చెప్పినవానికే తెలియదు. మనము గుమ్మములో చెప్పు 'ఇప్పుడే' కూడ అట్టిదే.

ఇక తల్లి ఉద్యోగమును ఆక్షేపించువారు కలరు. కాయకమును గౌరవించు ఇండ్లలో ఆ మాటకు చోటు లేదు. బిడ్డను విడిచిపోవుట తప్పు కాదు; చెప్పక పోవుట తప్పు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమునకు 2017లో సవరణ చేసి, 50 మంది గాని అంతకు మించి గాని పనిచేయు సంస్థలు శిశు సంరక్షణ కేంద్రము ఏర్పరుపవలెనని, తల్లి దినమునకు నాలుగు సార్లు బిడ్డను చూడవచ్చునని విధించిరి. తల్లి మరల వచ్చునను నమ్మకము బిడ్డకు ఎంత అవసరమో ఆ నియమము చెప్పకయే చెప్పుచున్నది.

"రెండు దినములు ఏడ్చి వాడే మానుకొనును" అనుటయు ప్రమాదమే. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అను ఆయన, లండను ఆసుపత్రిలో ఎనిమిది దినములున్న రెండేండ్ల బాలికను చలనచిత్రముగా తీసినాడు. ఆమె అంతగా ఏడ్వలేదు. ఆ నిబ్బరము వెనుక దుఃఖము కలదని ఆయన చూపినాడు. ఆసుపత్రివాసమునకు, డే కేర్‌లోని కొన్ని గంటలకు పోలిక లేదు. అయినను ఏడ్పు మానుట వేరు, కుదుటపడుట వేరు అను సత్యము రెండింటికిని వర్తించును.

మా ఇంట పిదప మేము చేసినది స్వల్పమే. కొన్ని దినములు నేను గంటసేపు వాని ప్రక్కన కూర్చుంటిని. తరువాత "పోయి వస్తాను" అని స్పష్టముగా చెప్పి, పావుగంటకు తిరిగి వచ్చితిని. ఆ వ్యవధిని క్రమముగా పెంచితిని. 2018 సెప్టెంబరు 24న ఎల్.బి. నగర్–అమీర్‌పేట మెట్రో మొదలైనది గనుక తల్లి తిరిగి వచ్చు వేళ మనకు ఇంచుమించుగా తెలియును. బిడ్డకు గడియారము తెలియదు. కావున "అన్నము తిని, పడుకొని లేచి, పాలు త్రాగిన తరువాత అమ్మ వచ్చును" అని చెప్పితిమి. వాని పాత దుప్పటిని కూడ పంపితిమి. వీడ్కోలు ఒక్కసారే చెప్పితిమి. గుమ్మము దాటినపిమ్మట వెనుదిరుగలేదు. మూడవ వారమున కూడ వాడు ఏడ్చినాడు. కాని చేయి ఊపుచు ఏడ్చినాడు.

తల్లిదండ్రులారా, దొంగచాటున పోయినచో ఏడ్పు మన చెవిని పడదు, అంతే, బిడ్డకు తప్పదు. ఆ బొంకు మన సుఖమునకే గాని వాని మేలునకు కాదు. ఎదుట నిలిచి ఆ కన్నీరు చూచి పోవుట కష్టము. ఆ కష్టమును మనము భరించిననాడే మన మాట వానికి ఆసరా యగును.