వంశవృక్షమూ, ఖైదీల రిజిస్టరూ

తెలుగువారి వంశచరిత్రను సాధారణంగా ఇంటిపేరు, గోత్రం, పుట్టిన ఊరు చెబుతాయి. అండమాన్ దీవులలో అనేక కుటుంబాలకు ఆ పని చేయవలసింది ఖైదీల రిజిస్టరు. 1858 మార్చి 10న 200 మంది ఖైదీలతో డాక్టర్ జె. పి. వాకర్ ఇక్కడ శిక్షాస్థావరం నెలకొల్పారు. ఆపై ద్వీపాంతరవాస శిక్షపడి వచ్చినవారిలో కొందరు ఇక్కడే పెళ్ళాడి, భూమి సాగుచేసుకుని స్థిరపడ్డారు. వారి సంతతినే ‘లోకల్ బార్న్’ అంటారు. కులాలూ ప్రాంతాలూ కలిసిన ఆ ఇళ్ళలో హిందుస్తానీ ఇంటిభాష అయింది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, డెలానీపూర్ వంటి పేటలలో నేడు వినవచ్చే తెలుగు చాలావరకు తరువాత బతుకుతెరువుకై ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారిది. అంతకు ముందు వచ్చిన తెలుగు ఖైదీ జాడ తెలియాలంటే కాగితాలనే ఆశ్రయించాలి.

ఆ కాగితాలలో కనిపించేది ఎవరు? ఖైదీ మెడలోని కొయ్యబిళ్ళపై సంఖ్య, నేరానికి వర్తించే సెక్షను, శిక్షపడిన తేదీ, విడుదల తేదీ ఉండేవి. పాలకుడికి కావలసిన వివరాలు అంతే. 1942–45 జపాను ఆక్రమణ కాలంలో ఇక్కడి పత్రాలెన్నో నశించాయి. మిగిలినవాటి కోసం ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారాన్ని, చెన్నై, లండన్‌లలోని భాండాగారాలను వెదకాలి.

తీరా ముత్తాత పేరు పక్కన ‘హత్య’ అని కనబడితే వారసుని ధర్మమేమిటి? దాచడం ఒక మార్గం. స్వాతంత్ర్య వీరునిగా మలచుకోవడం మరొకటి. 1879 నాటి రంప తిరుగుబాటుదారులలో కొందరు ఈ దీవులకు వచ్చిన మాట నిజం. అంతమాత్రాన ప్రతి తెలుగు ఖైదీ తిరుగుబాటుదారుడు కాడు. లేని వీరత్వాన్ని కట్టబెడితే నిజంగా పోరాడినవారికీ, ఆ నేరంలో ప్రాణం కోల్పోయిన మనిషికీ అన్యాయం చేసినవారమవుతాం. హతునికీ వారసులుంటారు.

రిజిస్టరులోని ఒక గడి తరాల భవితవ్యాన్ని నిర్ణయించడం ఇక్కడే జరగలేదు. 1830ల తొలినాళ్ళలో మిసిసిపీ నుంచి పడమటికి తరలింపబడిన చోక్టా జాతి పేర్లను ఆ శతాబ్దాంతంలో డాస్ కమిషన్ నమోదు చేసింది. ఆ జాతివారి వద్ద బానిసలుగా ఉండి విముక్తులైన నల్లవారినీ, వారి సంతతినీ వేరే పట్టికలో చేర్చింది. తండ్రి చోక్టా అయినా, తల్లి విముక్తురాలైతే బిడ్డ పేరు ఆ రెండవ పట్టికకే వెళ్ళిన సందర్భాలున్నాయి. నేటికీ ఆ జాతి సభ్యత్వానికి మొదటి పట్టికే ఆధారం. అండమాన్‌లోనూ 1942కు పూర్వం స్థిరపడినవారి సంతతిని ఇతర వెనుకబడిన తరగతులలో చేర్చారు. కనుక పాత కాగితానికి నేటికీ విలువ ఉంది.

హక్కుకు రికార్డు సాక్ష్యం కావచ్చు. మనిషి యోగ్యతకు తీర్పు కారాదు. శిక్ష అనుభవించి, అడవి కొట్టి పొలం చేసి, పిల్లలను పెంచిన జీవితానికి ఆ రిజిస్టరులో గడి లేదు. అందువల్ల వారసుడు నకలు కోరినప్పుడు అధికారి నేరం గడిని మరుగుపరచి దయ చూపనవసరం లేదు. పుట మొత్తం ఇవ్వాలి. కేసు కాగితాలు మిగిలి ఉంటే అవీ చూపాలి. ముత్తాతను గౌరవించడానికి ఆయన నిర్దోషి కానక్కరలేదు.