ఇచ్చు చేయి, తీయు చేయి



చలికాలమున బీదలకు దుప్పట్లు పంచునప్పుడు ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒక క్షణము కదలక నిలుచుట మీరు చూచియుందురు. దుప్పటి ఇద్దరి చేతులలోను ఉండును. ఫొటో తీయువరకు ఇచ్చువాడు దానిని విడువడు. ఇది ధర్మమేనా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడినను మన సంఘములను శోధించునదై యున్నది.

ఫొటో తీయుట పాపము కాదు. 1839లో దాగేర్ అను ఫ్రెంచివాని పద్ధతి లోకమునకు వెల్లడియైనది మొదలు ఈ విద్య అనేకులకు మేలు చేసెను. మన ప్రాంతము నిజాముల ఏలుబడిలో ఉన్న దినములలో, ఆరవ నిజాము కొలువులోని రాజా దీన్ దయాళ్ దొరల వేటలనే గాక కరువు సహాయ పనులను కూడ పటములుగా తీసెను. దూరమున నున్నవారు బీదల లేమిని నమ్ముటకు పటము సాక్షి యగును. కానుక పంపినవారికి లెక్క చూపుటయు న్యాయమే.

అయితే ఫొటోకు చిక్కునది ఏమి? ముఖముమీద పడి తిరిగి వచ్చు వెలుగు మాత్రమే. వెండి లవణముల పాత ఫిల్మైనను, నేటి సెల్‌ఫోనైనను అంతకు మించి పట్టజాలదు. చేయి చాచిన తల్లి లోలోపల పడు సిగ్గు దానికి చిక్కదు. యెష్షయి ఇంట ఏలీయాబు ఎత్తును, రూపమును చూచి సమూయేలు ప్రవక్తయే పొరబడెను గదా! దేవుని చూపు హృదయముమీద నుండెను.

మన ఆదిలాబాదు అడవులలో జరిగిన సంగతి ఒకటి ఆలోచించుడి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము చంపబడెను. మరుసటి యేట హైమండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుడు గోండుల యొద్దకు వచ్చెను. ఆయన తీసిన ఫొటోలు నేటికిని లండనులో భద్రముగా ఉన్నవి. గాని ఆయన ఫొటోలు తీసికొని అంతటితో మరచిపోలేదు. భార్యయగు ఎలిజబెత్తుతో మార్లవాయి గ్రామమున గోండుల నడుమ కాపురముండెను. వారి భాష నేర్చుకొనెను. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలాయెను. వారి భూముల విషయమై సర్కారుతో మాటలాడెను. 1987లో ఎలిజబెత్తు మరణింపగా ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిరి. గోండుల ముఖములను పటములలోనికి తీసికొనినవారు తమ సంవత్సరములను వారికిచ్చిరి.

ప్రియులారా, భేదము ఇక్కడనే యున్నది. ఒకని ముఖమును తీసికొనినవాడు వానికి ఋణపడును. ఒక దుప్పటితో ఆ ఋణము తీరదు. ధర్మము చేయునప్పుడు కుడిచేతి పని ఎడమచేతికి సహా తెలియకూడదని మన ప్రభువు బోధించెను. మనమైతే ఊరంతటికి చూపుచున్నాము. ఆ వరుసలో మీ తల్లియే నిలిచియుండిన, ఆ ఫొటోను పదిమందికి పంపుదురా?

కాబట్టి మొదట ఆమెను అడుగుడి. వద్దనినయెడల దుప్పటి ఇచ్చి, నమస్కరించి రండి; లెక్కకు రిజిష్టరులో వేలిముద్ర చాలును. సరే యనినయెడల ఫొటో తీసి, ఒక ప్రతిని ఆమె చేతికియ్యుడి. దానిని ఇచ్చుటకు మరల ఆమె గుమ్మము ఎక్కుడి, కూర్చుండుడి, ఆమె పేరు తెలిసికొనుడి. పేరు తెలిసిన తరువాత ఆమె మీకు బీదరాలు కాదు, సహోదరి యగును.