గాయపడి వచ్చింది దొంగే అయితే

లూకా సువార్తలోని మంచి సమరయుని ఉపమానం క్రైస్తవులు కానివారికి కూడా కొత్త కాదు. యెరూషలేము నుంచి యెరికోకు దిగి వెళ్తున్న బాటసారిని దొంగలు కొట్టి, దోచుకుని, కొన ఊపిరితో వదిలేసి పోతారు. యాజకుడు చూసి తప్పుకుంటాడు, లేవీయుడూ తప్పుకుంటాడు. యూదులు చిన్నచూపు చూసే సమరయుడు మాత్రం ఆగి, గాయాలు కట్టి, పూటకూళ్ల ఇంటికి చేర్చి, అయ్యే ఖర్చు తానే ఇస్తానంటాడు. మిషన్ ఆసుపత్రులు ఎక్కడ లేచినా వాటి వెనక ఈ కథ ఉంది. కాకపోతే కథలోని సమరయుడికి ఒక వెసులుబాటు దొరికింది. అతను వచ్చేసరికి దొంగలు వెళ్లిపోయారు. పడి ఉన్నవాడు బాధితుడేనన్న విషయంలో సందేహం లేదు. హైతీ రాజధాని పోర్ట్ ఔ ప్రిన్స్‌లో పనిచేసే క్రైస్తవ వైద్యులకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ దొంగలు దారి మీదే ఉన్నారు, దారే వాళ్లది. ఇవాళ ఒకణ్ని కాల్చినవాడు రేపు తానే తూటా దెబ్బతో అదే ఆసుపత్రి గుమ్మం ముందు పడతాడు. వాణ్ని ఏం చేయాలో ఉపమానం చెప్పలేదు. ఏమీ అడగకుండా వైద్యం చేయాలన్నదే నా వాదన. అలా అడగకపోవడంలోనే ఆ సేవ క్రైస్తవమవుతుంది. అయితే ఆ మాట అన్నవాళ్ల మీద బరువైన బాధ్యతలు కూడా పడతాయి. వాటిని మోయకుండా దయ గురించి మాట్లాడటం తేలిక.

ముందు అక్కడి స్థితి చూడాలి. 2021 జులైలో అధ్యక్షుడు జొవెనెల్ మొయీజ్‌ను ఆయన ఇంట్లోనే హత్య చేశాక, హైతీలో ప్రభుత్వమన్నది పేరుకే మిగిలింది. 2024 ఫిబ్రవరి చివర్లో అప్పటిదాకా ఒకరినొకరు చంపుకున్న ముఠాలు ‘వివ్ అన్సన్మ్’ అనే కూటమిగా ఏకమై పోలీసు స్టేషన్ల మీద, విమానాశ్రయం మీద దాడికి దిగి, జైళ్లు బద్దలుకొట్టి వేలమంది ఖైదీలను వదిలేశాయి. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో కనీసం 5,601 మంది హతులయ్యారు. 2025 జనవరికల్లా ఇళ్లు వదిలి పారిపోయినవాళ్లు పది లక్షలు దాటారు. సముద్రం ఒడ్డున ఉన్న సీటే సొలేయ్ మురికివాడ ఈ కథకు తొలి అధ్యాయం. నియంత ఫ్రాంస్వా దువలియే 1958లో తన భార్య పేరుతో కార్మికుల కోసం కట్టించిన కాలనీ అది. తర్వాత పొట్ట చేత పట్టుకుని పల్లెలు వదిలొచ్చినవాళ్లతో నిండిపోయింది. ప్రభుత్వం నీళ్లు ఇవ్వలేదు, మురుగు కాలువ ఇవ్వలేదు. ఎన్నికలప్పుడు ఓట్లు రాల్చడానికి, ప్రత్యర్థుల్ని బెదిరించడానికి రాజకీయ నాయకులు అక్కడి కుర్రాళ్ల చేతుల్లో తుపాకులు మాత్రం పెట్టారు.

ఆసుపత్రులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నగరంలోని ప్రధాన ప్రభుత్వాసుపత్రిని 2024 డిసెంబరు 24న తిరిగి తెరుస్తున్నామని ప్రకటిస్తే, ఆ ప్రారంభాన్ని రాయడానికి వచ్చిన విలేకరుల మీదే ముఠా కాల్పులు జరిపింది. మిర్‌బలేలో 2013లో ఆరంభమైన 300 పడకల బోధనాసుపత్రి, 2025 వసంతంలో ఊరు ముఠాల వశమయ్యాక ఖాళీ చేయాల్సి వచ్చింది. అలాంటి చోట రాజధాని పక్కనే ఉన్న తబార్‌లోని సెయింట్ డేమియన్ పిల్లల ఆసుపత్రి, సెయింట్ లూక్ ఆసుపత్రి వంటివి నిలబడటం చిన్న విషయం కాదు. వాటి వెనక ఉన్న ఫాదర్ రిక్ ఫ్రెషెట్ అమెరికన్ క్యాథలిక్ గురువు. 1987లో హైతీ వచ్చారు, జనానికి ముందు కావలసింది వైద్యుడని గ్రహించి ఆ తర్వాతే వైద్యం చదివారు. దిక్కులేక శవాగారంలో కుళ్లిపోతున్న దేహాలను తన బృందంతో తీసుకెళ్లి ప్రార్థన చేసి పూడ్చిపెట్టడం ఏళ్ల తరబడి ఆయన చేసిన పని. చనిపోయినవాడు మంచివాడా చెడ్డవాడా అని శవాన్ని అడిగేవారు ఉండరు. బతికున్నవాడి విషయంలోనే ఆ ప్రశ్న వస్తుంది.

ఆ ప్రశ్న వేసేవాళ్లది న్యాయమైన ఆవేదన. కూతుర్ని ఎత్తుకుపోయినవాడి కాలికి కట్టు కట్టి పంపితే, నయమైన ఆ కాలితోనే వాడు మళ్లీ వస్తాడు. ఇది ఊహ కాదు, కొందరి విషయంలో అలా జరిగి తీరుతుంది. వైద్యుడు ఆ మూల్యాన్ని దాచకూడదు. అయితే వైద్యం అర్హతను బట్టి ఇవ్వాలని ఒప్పుకున్న క్షణాన ఏం జరుగుతుందో కూడా అక్కడి అనుభవమే చెబుతోంది. 2023 జులైలో తబార్‌లోని ‘మెడ్సాన్ సాన్ ఫ్రాంటియేర్’ వైద్య సంస్థ ఆసుపత్రిలోకి ఇరవైమంది దాకా సాయుధులు చొరబడి, ఆపరేషన్ థియేటర్ నుంచి ఒక రోగిని లాక్కుపోయారు. 2024 నవంబరులో తూటా గాయాలైన యువకుల్ని తీసుకెళ్తున్న అదే సంస్థ అంబులెన్సును ఈసారి ఆపింది ముఠాలు కాదు. పోలీసులు, స్వీయరక్షణ దళం వాళ్లు కలిసి ఆపారని, కనీసం ఇద్దరు రోగుల్ని చంపేశారని ఆ సంస్థ ప్రకటించింది. వాళ్లు నేరస్థులని ఆ గుంపు ముందే తీర్పు చెప్పేసింది. 2023 ఏప్రిల్‌లో మొదలైన ‘బ్వా కలే’ అనే జనాగ్రహ ఉద్యమంలో అనుమానితుల్ని వీధిలో కొట్టి చంపి తగలబెట్టారు. విసిగిపోయిన జనం బాధ నాకు అర్థమవుతుంది, కానీ రోగిని నేరస్థుడిగా తేల్చే అధికారం ఒకసారి వీధికి ఇస్తే అది ఆసుపత్రి గడప దగ్గర ఆగదు. పైగా ‘ముఠావాడు’ అనే మాట కింద ఉన్నదెవరు? సాయుధ ముఠాల్లో 30 నుంచి 50 శాతం దాకా పిల్లలేనని యూనిసెఫ్ అంచనా. తిండి కోసమో, బెదిరింపుకు లొంగో చేరిన పద్నాలుగేళ్ల కుర్రాడు అటు దొంగా ఇటు బాధితుడూ ఒకే ఒంట్లో.

సువార్త ఈ విషయంలో పూర్తిగా మౌనంగా ఏమీ లేదు. యేసును పట్టుకోవడానికి ఆయుధాలతో వచ్చిన గుంపులో ప్రధానయాజకుని దాసుడొకడు ఉన్నాడు. శిష్యుడొకడు కత్తి దూసి వాడి కుడి చెవి తెగనరికాడు. నరికింది పేతురని, దాసుడి పేరు మల్కు అని యోహాను చెప్పాడు. ఆ చెవిని యేసు ముట్టి బాగుచేశాడని నలుగురు సువార్తికుల్లో లూకా ఒక్కడే రాశాడు, సంప్రదాయం వైద్యుడని చెప్పే లూకా. ఉపమానం వదిలిన ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. మల్కు పశ్చాత్తాపపడ్డాడని ఎక్కడా లేదు. బాగైన తర్వాత గుంపు వెనక్కి మళ్లలేదు, యేసును కట్టి తీసుకెళ్లింది. ఆ స్వస్థతకు లాభం ఏమిటని అడిగితే జవాబు లేదు. మనిషి విలువ వాడి నడతను బట్టి వస్తే కృపకు జీతానికి తేడా ఉండదు కనుక, క్రైస్తవం తన మూలసూత్రాన్ని నమ్మేట్టయితే ఇలాగే చేయాలి. అయితే ఆ ఘట్టంలో రెండో సగాన్ని చాలామంది బోధకులు దాటేస్తారు. చెవిని ముట్టేముందే యేసు తనవాళ్ల కత్తిని ఆపాడు. గాయం మాన్పడం, కత్తిని వద్దనడం ఒకే చేతలో జరిగాయి.

ముఠా నాయకులతో మాట్లాడితే వాళ్లకు గౌరవం ఇచ్చినట్టేనని ఇంకో అభ్యంతరం. ఆక్సిజన్ సిలిండరు దాటించడానికి, అపహరించినవాళ్లను విడిపించడానికి మాట్లాడక తప్పదు, అందులో సిగ్గుపడాల్సింది లేదు. డబ్బు ఇవ్వడం మాత్రం వేరు. 2021 అక్టోబరులో అమెరికా, కెనడాలకు చెందిన 17 మంది మిషనరీ బృందాన్ని ఎత్తుకెళ్లిన ‘400 మవోజో’ ముఠా, తలకు పది లక్షల డాలర్లు అడిగింది. ఇచ్చే ప్రతి రూకా ఇంకో అపహరణకు పెట్టుబడి అవుతుంది.

తెలుగు పాఠకుడికి అన్నిటికంటే ముందు తోచే అభ్యంతరం మతమార్పిడి. తోచడం సహజం. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ దగ్గర్నుంచి డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి దాకా మిషన్ వైద్యం మన ఊళ్ల చరిత్రలో భాగం, దాని మీద వాదన కూడా అంతే పాతది. వైద్యాన్ని మతానికి ఎరగా వాడటాన్ని గాంధీ గట్టిగా తప్పుపట్టారు. ఆయన చెప్పింది సరైనదే. హైతీలో అయితే దాని అపాయం ఇంకా లోతైనది. అక్కడి పేదల ఇళ్లలో వూడూ తరతరాల విశ్వాసం. 2010 జనవరి భూకంపం వచ్చిన మర్నాడే అమెరికన్ టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్, హైతీ పూర్వులు సైతానుతో ఒప్పందం చేసుకున్నారని సెలవిచ్చారు. ఆ ఏడాది చివర్లో కలరా వచ్చినప్పుడు, రోగాన్ని మంత్రంతో తెచ్చారంటూ గుంపులు నలభై మందికి పైగా మనుషుల్ని, వారిలో ఎక్కువగా వూడూ పూజారుల్ని, చంపేశాయి. నిజానికి కలరా వచ్చింది మిర్‌బలే దగ్గరి ఐక్యరాజ్యసమితి శాంతిసైనికుల శిబిరం మురుగు నదిలో కలవడం వల్ల. 2016లో ఐరాస ప్రధాన కార్యదర్శి క్షమాపణ చెప్పేవరకు దోషం పేదల నెత్తినే ఉండిపోయింది. 2024 డిసెంబరులో సీటే సొలేయ్‌లోని వార్ఫ్ జెరెమీలో ఒక ముఠా నాయకుడు, తన కొడుకు జబ్బుకు మంత్రగాళ్లే కారణమని ముసలివాళ్లను ఏరి చంపించాడు. ఐరాస లెక్కలో 207 మంది పోయారు. ఇంత జరిగాక పొరుగువాడి దేవుణ్ని దయ్యమని ప్రకటించే బోధ ఆసుపత్రి ఆవరణలో ఉండటం నేరానికి ముడిసరుకు అందించడమే. రోగానికి సూక్ష్మజీవి కారణమని, పక్కింటి అవ్వ కాదని చెప్పగలగడం అక్కడ నిజంగా ప్రాణాలు కాపాడే సువార్త. రోగి ఏ దేవుణ్ని మొక్కినా మందుకు సంబంధం ఉండకూడదు. అడిగినవారికి వైద్యుడు తన విశ్వాసం చెప్పుకోవచ్చు, మంచం మీద ఉన్నవాడిని అడిగించకూడదు.

విదేశీ రక్షకుడి కథ మీద ఆశ కూడా ఈ సేవకు చెరుపే. భూకంపం తర్వాత అమెరికాలోని ఐడహో నుంచి వచ్చిన పదిమంది బాప్టిస్టులు 33 మంది పిల్లల్ని ‘అనాథలు’ అని సరిహద్దు దాటించబోయి పట్టుబడ్డారు. వాళ్లలో చాలామందికి తల్లిదండ్రులున్నారని తేలింది. మనసులో మంచి ఉంటే లెక్క చెప్పనక్కర్లేదని అనుకోవడమే ఆ తప్పుకు కారణం. 2024 మే 23న పోర్ట్ ఔ ప్రిన్స్‌లో ముఠా చేతిలో ఇద్దరు అమెరికన్ యువ మిషనరీలు చనిపోతే ప్రపంచమంతా వార్త అయింది. వాళ్లతోపాటు హతుడైన జూడ్ మోంటిస్, ఆ మిషన్‌కు హైతీ డైరెక్టరు, చాలా పత్రికల్లో చివరి వాక్యం అయ్యాడు. విదేశీయుడికి విమానం ఉంది, వెళ్లిపోవచ్చు. తెల్లవారుజామున ముఠా అడ్డుగోడలు దాటి డ్యూటీకి వచ్చే హైతీ నర్సుకు అది లేదు. ఎవరిని చేర్చుకోవాలో, ఎప్పుడు మూయాలో నిర్ణయించే అధికారం ఆమెకు, ఆమెతో పనిచేసేవారికి ఉండాలి.

ఇక కత్తిని ఆపే సంగతి. హైతీ తుపాకులు తయారుచేయదు. ముఠాల ఆయుధాల్లో ఎక్కువ భాగం అమెరికా నుంచి, ముఖ్యంగా ఫ్లోరిడా నుంచి ఓడల్లో వస్తాయని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం 2023 నివేదికలో చెప్పింది. ముఠాలకు ఆయుధాలు చేరకుండా భద్రతామండలి 2022 అక్టోబరులో నిషేధం పెట్టినా ప్రవాహం ఆగలేదు. నిషేధానికి ముందే, ఆ ఏడాది జులైలో, పోర్ట్ ఔ ప్రిన్స్ రేవులో, హైతీ ఎపిస్కోపల్ చర్చి పేరున వచ్చిన సహాయ కంటైనర్లలో తుపాకులు, తూటాలు దొరికాయి. తన పన్ను మినహాయింపును మోసంగా వాడుకున్నారని చర్చి చెప్పింది. అది నిజమే కావచ్చు. అయినా ఏ కాగితం మీద మందులు దిగుతాయో ఆ కాగితం మీదే తూటాలు దిగగలిగాయి. కాబట్టి హైతీకి కట్టుగుడ్డలు పంపుతున్న అమెరికన్ సంఘాలు, వాటిలో ఉన్న తెలుగు విశ్వాసులు కూడా, తమ పేరు మీద వెళ్లే ప్రతి కంటైనరును తెరిచి చూపించమని అడగాలి. తమ రాష్ట్రంలో తుపాకులు ఎవరు కొని ఏ ఓడ ఎక్కిస్తున్నారో తమ ప్రతినిధిని అడగాలి. ఆ ప్రశ్న అడిగే వీలు సీటే సొలేయ్‌లో ఉన్నవాళ్లకు లేదు, ఈ సంఘాలకు ఉంది.