రోగం లేదని తేలినా తీరని భయం

తప్పు చేశాక మనిషికి భయం కలగడం అతనిలో ఈమాన్ బతికి ఉందనడానికి గుర్తు. కాని ఆ భయం హద్దు దాటి, లేని రోగాన్ని ఉన్నట్లు చూపిస్తుంటే దాన్ని కూడా దైవభీతి అనవచ్చా?

చోడవరం వంటి ఊళ్ళలో ఈ బాధ గుట్టుగా సాగుతుంది. తెలిసినవారి కంట పడతామని అనకాపల్లికో, విశాఖపట్నానికో వెళ్ళి రక్తపరీక్ష చేయించుకుంటారు. హెచ్.ఐ.వి. లేదని రిపోర్టు వస్తుంది. రెండు రోజులు ఊరట. తరువాత కాస్త జ్వరం వచ్చినా, నోట్లో చిన్న పుండు కనిపించినా మళ్ళీ ల్యాబుకు పరుగు. నమాజులో మనసు నిలవదు. పెళ్ళి మాటెత్తితే గుండెదడ. పెళ్ళయినవాడైతే కారణం చెప్పకుండానే భార్యకు దూరమవుతాడు.

ముందు వైద్యుల మాట విందాం. రోగక్రిమి ఒంట్లో చేరిన వెంటనే పరీక్షకు దొరకదు. హెచ్.ఐ.వి. విషయంలో మూడు నెలలు నిండాక చేసిన పరీక్షలో లేదని తేలితే, ఆ మధ్య మళ్ళీ ప్రమాదానికి లోను కాకుంటే, ఆ ఫలితాన్ని నమ్మాలి. సిఫిలిస్ వంటి ఇతర రోగాలకు గడువులు వేరు. వాటిని డాక్టరును అడిగి తెలుసుకోవాలి. ప్రభుత్వ ఐ.సి.టి.సి. కేంద్రాలలో హెచ్.ఐ.వి. పరీక్ష, సలహా ఉచితం. వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం కూడా చెబుతున్నది.

ఇక షరీఅత్ మాట. రూఢి అయిన విషయాన్ని కేవలం సందేహం కొట్టివేయలేదన్నది ఫిఖహ్‌లో ప్రసిద్ధ సూత్రం. నమాజులో వుజూ భంగమైందేమోనన్న అనుమానం కలిగితే, స్పష్టమైన గుర్తు లేనంతవరకు నమాజు విడిచిపోవద్దని దైవప్రవక్త (సల్లం) బోధించారు. ఆరాధనలోనే అనుమానానికి అంత చోటు ఇవ్వనప్పుడు, సరైన గడువు తరువాత వచ్చిన రిపోర్టును అనుమానంతో తోసిపుచ్చడం ధర్మనిష్ఠ ఎలా అవుతుంది? అది వస్వసా.

ఇంకా లోతుగా చూద్దాం. అల్లాహ్ తనను క్షమించాడా లేదా అన్న ప్రశ్నను ఇతను ల్యాబును అడుగుతున్నాడు. ఆ జవాబు రక్తంలో దొరకదు. ఏ పాపమూ ఎరుగని ఇల్లాలికి భర్త వల్ల రోగం సోకవచ్చు, తప్పు చేసినవాడు ఆరోగ్యంగా ఉండవచ్చు. కనుక రోగం శాపానికి రుజువు కాదు, ఆరోగ్యం క్షమాపణ పత్రమూ కాదు, మళ్ళీ తప్పు చేయడానికి అనుమతి అంతకన్నా కాదు. తౌబాకు దారి వేరే ఉంది: పాపాన్ని విడిచిపెట్టాలి, మనసారా కుమిలిపోవాలి, మళ్ళీ ఆ వైపు వెళ్ళనని తీర్మానించుకోవాలి. అల్లాహ్ కప్పి ఉంచిన తప్పును నలుగురిలో చాటుకోనక్కరలేదు. నిజంగానే రోగం ఉందని తేలితే మాత్రం భార్య దగ్గర దాచడం ద్రోహం.

దైవభీతి మనిషిని సజ్దా వైపు, సత్కార్యాల వైపు నడిపిస్తుంది. వస్వసా అతన్ని ఇంటికీ, ఇబాదత్‌కూ కాకుండా చేస్తుంది. అది వదలకపోతే మానసిక వైద్యుని దగ్గరకు వెళ్ళడం ఈమాన్ లోపం కాదు. దేహంలాగే మనసూ జబ్బు పడుతుందనీ, దానికీ చికిత్స కావాలనీ 934లో మరణించిన ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ ఆనాడే రాశారు. టెలిమానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి కూడా సలహా పొందవచ్చు.

అల్లాహ్ మనకు నిజమైన తౌబానూ, తన కారుణ్యంపై నమ్మకాన్నీ, మనశ్శాంతినీ ప్రసాదించుగాక! ఆమీన్.