మబ్బు ఒప్పుకున్న రోజునే రండి

అమ్మడూ,

జూలైలో నువ్వూ అల్లుడూ అలాస్కా వెళ్తున్నారని, కెచికాన్ నుంచి నీటివిమానంలో అడవిలోని సరస్సు ఒడ్డున ఉన్న క్యాబిన్‌కి నాలుగు రాత్రులకు బుక్ చేసుకున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషించానో! సియాటిల్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో మీ పెద్దమ్మా నేనూ మూడు వేసవులు ఆ సరస్సుల దగ్గర గడిపాం. అయితే ఆమె చెప్పిన ఇంకో మాట దగ్గర మనసు ఆగిపోయింది. ఆదివారం మధ్యాహ్నం విమానం వచ్చి మిమ్మల్ని ఎక్కించుకుంటుందట, ఆ సాయంత్రమే సియాటిల్ ఫ్లైట్, సోమవారం పొద్దున్నే ఆఫీసు అట. తల్లీ, ఆ ఫ్లైట్ టికెట్టు ఇవాళే మార్చుకో. వెనక కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచు. మిగతావి తర్వాత చెప్తాను, ముందు ఈ పని చెయ్యి.

కెచికాన్‌లో ఏడాదికి 140 అంగుళాలకు పైగా వాన పడుతుంది. మన కోనసీమ వానకి దాదాపు మూడింతలు. సరస్సులకు వెళ్లే చిన్న విమానాలు చాలావరకు పైలట్ కంటిచూపు మీదే ఎగురుతాయి. కొండల మధ్య కనుమ కనపడాలి, అవతల నీళ్లు కనపడాలి. మబ్బు చెట్ల తలల దాకా దిగిందంటే దారి మూసుకుపోయినట్టే. ఊళ్లో ఎండ కాస్తుండొచ్చు, మీ సరస్సు మీద మాత్రం పొగమంచు పరుచుకుని ఉండొచ్చు. అక్కడ రన్‌వే లేదు, దీపాలు లేవు, చీకటి పడ్డాక ఎవరూ రారు.

నా తప్పు ఒకటి చెప్తాను, ఇది మీ అమ్మకి కూడా తెలియదు. మొదటి వేసవిలో, బయల్దేరే రోజు పొద్దున్న, పైలట్ కుర్రాడు ఇంకో రెండు గంటలు చూద్దాం సార్ అన్నాడు. మాకున్నది నాలుగు రోజులే, అటు చూడు, వేరేవాళ్లు వెళ్తున్నారుగా అని నేను వాణ్ణి తొందరపెట్టాను. మొహమాటపడ్డాడు, బయల్దేరాడు. సగం దూరం వెళ్లాక కనుమలో ఎదురుగా తెల్లగా గోడ కట్టినట్టు మబ్బు. ఆ ఇరుకులోనే విమానాన్ని పక్కకి వాల్చి వెనక్కి తిప్పాడు. కిటికీలోంచి చూస్తే రెక్క చివర కింద చెట్ల కొమ్మలు విడివిడిగా కనిపించాయి. మీ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆ రాత్రి దాకా నాతో మాట్లాడలేదు. ఆ కుర్రాడి భయానికి కారణం వాతావరణం కాదు, నేను. ఇన్నేళ్లయినా ఆ సంగతి మర్చిపోలేదు. అందుకే, పైలట్ ఆగమంటే ఆగండి. ఎంతసేపు అని రెండోసారి అడగొద్దు.

ఆఖరి వేసవిలో తిరిగి రావాల్సిన రోజున పొగమంచు కమ్ముకుంది. రెండు రోజులు కదల్లేకపోయాం. ఆసారి తిరుగు టికెట్లు కొన్ని రోజుల తర్వాతకి వేసుకున్నాం కాబట్టి దిగులు లేదు. కట్టెల పొయ్యి మీద అన్నం వండుకుని, ఆవకాయ కలుపుకుని, కిటికీ దగ్గర కూర్చున్నాం. నీటి అంచున లూన్ పక్షి అరుపు, పైకప్పు మీద చినుకులు, అంతే. మా ముప్పై ఏళ్ల కాపురంలో అంత తీరిగ్గా మాట్లాడుకున్న రోజులు అవే.

ఇక సామాను సంగతి. మీరు ఎక్కేది బహుశా బీవర్ విమానం. 1947లో మొదటిసారి ఎగిరింది, 1967 తర్వాత కొత్తవి చెయ్యలేదు, అయినా అలాస్కాలో ఇప్పటికీ దాని మీదే బతుకుతున్న ఊళ్లున్నాయి. పాతదని భయపడొద్దు, కానీ అది మోసే బరువుకి ఒక హద్దుంది. చిన్న సరస్సులోంచి నిండు బరువుతో లేవాలంటే నీళ్ల మీద చాలా దూరం పరిగెత్తాలి, ఎదురుగా కొండ ఉంటుంది. అందుకే మీ బరువు, సామాను బరువు ఎంతని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. గట్టి సూట్‌కేసులు వద్దు, ఎలాగైనా ఒదిగే గుడ్డ సంచులు మేలు. ఎలుగుబంట్ల కోసం వాడే స్ప్రే, గ్యాస్ డబ్బాలు సియాటిల్ నుంచి విమానంలో రానివ్వరు, కెచికాన్‌లోనే కొనుక్కోండి. స్ప్రే ఉందని పైలట్‌కి ముందే చెప్పండి. మీరు కూర్చునే చోట అది పేలితే అతనికి కళ్లు కనపడవు. అందుకే దాన్ని కింద, విమానాన్ని నీళ్ల మీద తేల్చే ఫ్లోట్‌లో ఉన్న అరలో పెడతారు.

ఎక్కగానే తలుపు గడియ ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకో. లైఫ్ జాకెట్టులో గాలి నింపేది బయటికి వచ్చాకే. లోపలే నింపితే మునిగిన విమానంలో అది మనిషిని పైకప్పుకి అదిమేస్తుంది, తలుపు దాకా రానివ్వదు. ప్రొపెల్లర్ పూర్తిగా ఆగేదాకా రేవు బల్ల మీద ముందుకి వెళ్లొద్దు. అల్లుడికి ఫొటోల పిచ్చి ఉంది కదా, అతని చొక్కా పట్టుకో.

నీళ్లు అద్దంలా ఉన్నాయి, హాయిగా దిగుతాం అనుకుంటారు. పైలట్‌కి అదే కష్టం. అల లేని నీటి మీద ఎంత ఎత్తులో ఉన్నాడో కంటికి అందదు, అందుకే ఒడ్డు పక్కనే, చెట్లని చూసుకుంటూ దిగుతాడు. అప్పుడు మాటలు పెట్టుకోవద్దు.

క్యాబిన్ అంటే నాలుగు చెక్కగోడలు, బల్లమంచాలు, పొయ్యి, కాస్త దూరంలో మరుగుదొడ్డి. కరెంటు లేదు, ఫోను పలకదు. శాటిలైట్ మెసేజ్ పరికరం ఒకటి అద్దెకైనా తీసుకెళ్లండి. రోజుకోసారి నాకు ఒక్క మాట పంపు. సరస్సు నీళ్లు ఎంత తేటగా ఉన్నా ఒక నిమిషం కళపెళా మరిగించాకే తాగాలి. నువ్వు గోదావరిలో ఈత నేర్చుకున్నదానివి, ఆ ధైర్యంతో ఆ నీళ్లలోకి దూకొద్దు. ఆ చలికి మొదటి నిమిషంలోనే ఊపిరి అదుపు తప్పుతుంది, పది నిమిషాల్లో చేతులు మాట వినవు. అక్కడున్న చిన్న పడవ ఎక్కితే జాకెట్టు తొడుక్కునే ఎక్కండి. నూలు బట్టలు తడిస్తే ఒళ్లు చల్లబడిపోతుంది, ఊలువే తీసుకెళ్లండి. తిన్న గిన్నెలు వెంటనే కడగాలి, చెత్త మూటకట్టి వెనక్కి తెచ్చెయ్యాలి. మీ తర్వాత వచ్చేవాళ్ల దగ్గరికి ఎలుగుబంటి అలవాటుపడి రాకూడదు. వెళ్లే ముందు పొడి కట్టెలు చీల్చి లోపల పేర్చి రండి. మేం తడిసి ముద్దయి వెళ్లినప్పుడు ఎవరో మాకు అలా పేర్చి ఉంచారు.

బియ్యం మాత్రం రెండు రోజులకి ఎక్కువే వేసుకో. ఆవకాయ చిన్న సీసాలో పెట్టి మూతకి టేపు చుట్టు. మీ పెద్దమ్మ ఊలు శాలువా పోస్టులో పంపుతున్నాను. తూచి చూశాను, పౌను కూడా లేదు.